పేపర్లు 1937 నుంచి ఉన్నాయి, నీళ్ల సంగతేంటి? యూనివర్సిటీ పనేమిటసలు?

గుండ్లకమ్మ · ఆదివారం, రాత్రి 9:40

మాది దర్శి దగ్గర పల్లె. ఒక రాష్ట్ర యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెబుతున్నాను. నా పీహెచ్‌డీ నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పదార్థాల మీద. వేపబెరడు బొగ్గు, చింతగింజల పొడి, కాల్చిన ఇటుక పొడి, ఇలాంటివి. మూడు పేపర్లు వచ్చాయి. ఈ రంగంలో ఏ పేపరు తీసినా మొదటి పేరా ఒకటే, ఫ్లోరైడ్ పెద్ద ప్రజారోగ్య సమస్య అని. ఆఖరి పేరా ఒకటే, మా పదార్థం చవక అని. మధ్యలో గ్రాఫులు. నా పదార్థంతో శుద్ధి చేసిన నీళ్లు ఒక్క గ్లాసు ఎవరూ తాగలేదు, నాతో సహా.

సంక్రాంతికి ఇంటికెళ్తే మా అమ్మ అడిగింది: "నువ్వు చదివింది నీళ్ల గురించేగా, మన బోరు నీళ్లు తాగొచ్చంటావా?" నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్లలో మా ఊరి నీళ్లు ఒక్కసారి కూడా కొలవలేదు. ల్యాబులో మేం వాడింది డిస్టిల్డ్ వాటరులో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసుకున్న నీళ్లు. అందులో అయితే ఏ పొడి వేసినా బాగానే పనిచేస్తుంది.

దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మొదట వచ్చిన వైద్య నివేదిక మా వైపుదే. 1937లో షార్ట్, ఆయన తోటివాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా గురించి రాశారు. అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి ఆ జిల్లాలోవే. మా తాత పలక పట్టే వయసుకే నీళ్లలో ఏముందో చదువుకున్నవాళ్లకు తెలుసు. ఆయన నడుం వంగిపోయే పోయాడు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో సైన్సు తత్వం బోధించిన నికొలస్ మాక్స్‌వెల్ 1984లో రాసిన పుస్తకం దగ్గర్నుంచి ఒకటే మాట మీద ఉన్నాడు: చదువు గురి జ్ఞానం కాదు, వివేకం కావాలని. ముందు జ్ఞానం పోగేద్దాం, వాడుకోవడం తర్వాత ఎవరో చూసుకుంటారు అనే పద్ధతే తప్పంటాడు. సైన్సు మన చేతికి బలం ఇచ్చింది, ఆ బలాన్ని ఏం చేసుకోవాలో ఆలోచించే పని మాత్రం యూనివర్సిటీలో ఎవరి వాటాకీ రాలేదు, భూమి వేడెక్కడం దగ్గర్నుంచి అణ్వాయుధాల దాకా అన్నీ అందులోంచి వచ్చినవే అని. ఆయన లెక్కలో చదువుకు నట్టనడుమ ఉండాల్సింది మనుషుల బతుకు సమస్యలు: ఏవి ముఖ్యం, ఏం చేయొచ్చు, చేస్తే ఏమవుతుంది అని ప్రతిపాదించుకోవడం, నిర్దయగా విమర్శించుకోవడం. కెమిస్ట్రీ, ఫిజిక్సు దాని చుట్టూ.

చదివినప్పుడు బాగుందనిపించింది. మర్నాడు డిపార్ట్‌మెంటుకెళ్తే అంతా మామూలే. ఏం మారిస్తే ఇది మారుతుందంటారు?


ల్యాబ్‌కోటు · ఆదివారం, రాత్రి 10:25

బాధ అర్థమైంది, కానీ నేరం తప్పు మనిషి మీద మోపుతున్నారు. జ్ఞానం తన పని తాను చేసింది. 1970లలో నల్లగొండ కుర్రాళ్లకు మోకాళ్లు లోపలికి వంగిపోవడం చూసి, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కారణం వెతికారు. నాగార్జునసాగర్ కట్టాక భూగర్భ జలం పైకొచ్చింది, నేల మారింది, జొన్నలో మాలిబ్డినం పెరిగింది, ఫ్లోరైడుకు అదీ తోడైందని తేల్చారు. ప్రాజెక్టుకూ మోకాలికీ సంబంధం ఉందని ఏ వివేకవంతుడికి తడుతుంది? ల్యాబు చెప్పాలి. చింతపండు తింటే ఒంట్లోంచి ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా పోతుందని బడిపిల్లల మీద చూసిందీ అదే సంస్థ. మన పులుసుకు ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఉంటుందా?

రెండో మాట. వివేకం అని బోర్డు పెట్టాక, ఏది వివేకమో చెప్పేదెవరు? వీసీనా, ఆయన్ని వేసిన మంత్రిగారా? "ప్రజలకు పనికొచ్చే పరిశోధన" అనే మాట ఎవరి నోట వస్తుందో చూడండి. దాని వెనకాలే ఫండ్స్ కోత వస్తుంది.


మునుగోడు_బిడ్డ · ఆదివారం, రాత్రి 11:12

ల్యాబ్‌కోటు సారు చెప్పింది నిజమే. పరిశోధన మస్తు అయింది. మా కాళ్లు కొలిచిన్రు, ఎక్స్‌రేలు తీసిన్రు. నాగపూర్ల ఉన్న నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు ఏసి నీళ్లు తేర్చే పద్ధతి కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టిన్రు, నల్లగొండ టెక్నిక్ అని. టాంజానియాల గూడ ఆ పేరు ఎర్కనే అంట. మా దిక్కు ఒక ఊర్ల ట్యాంకు కట్టిన్రు. కొన్నొద్దులు నడిచింది. పటిక తెచ్చేటోడు లేడు, అడుగున దిగిన మడ్డి ఏడ పారబోయాల్నో చెప్పినోడు లేడు. బందయింది. ట్యాంకుల బర్రెగడ్డి ఏసుకున్నరు.

గిప్పుడు అసలు ముచ్చట. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల నల్లగొండల 480 మంది నిలవడ్డరు. జలసాధన సమితి పిలుపు మీద ఎక్కువమంది నీళ్ల కోసమే ఏసిన్రు. మా పెద్నాయిన గూడ 500 డిపాజిట్ కట్టిండు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడ్డది. దేశమంతా మా మొకం సూసింది. ఆ ఏడే డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది.

నేననేది ఏందంటే, పెద్నాయిన ఏసిన నామినేషన్ గూడ ఒక ప్రయోగమే కద. పనిచేస్తదా, ఇంకో తొవ్వ ఉందా, దేనికి సర్కారు కదులుతది? గప్పుడు ఏ పొలిటికల్ సైన్సు సారన్న మా అరుగు మీద కూసొని గిట్ల మాట్లాడిండా? పదేండ్లయినంక ఒకాయన వచ్చిండు, థీసిస్ రాసుకోనీకి. పెద్నాయిన చాయ్ తాపిండు.


గుండ్లకమ్మ · ఆదివారం, రాత్రి 11:30

అన్నా, మాక్స్‌వెల్ పుస్తకమంతా చదివినా నాకు పట్టనిది మీ ఆఖరి పేరాలో పట్టింది. ఆయనా ఇదే అంటాడు, సమాజశాస్త్రాలు మనుషుల్ని నమూనాల్లా చూడ్డం మాని వాళ్ల పక్కన కూర్చోవాలని.


పాతసైకిల్ · సోమవారం, ఉదయం 6:05

రిటైరైన వాడిని, తెల్లవారుజామునే లేస్తాను, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను. ఓపిక పట్టండి.

ఈ ఆలోచన లండన్ నుంచి రావాల్సిన పని లేదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పెట్టినప్పుడు ఎంచుకున్న వాక్యం "జ్ఞానం సమ్యగవేక్షణం". సరిగ్గా చూడగలగడమే జ్ఞానం అని. మన భాషలో జ్ఞానం అంటే సమాచారం ఎప్పుడూ కాదు. ఇంగ్లీషులో నాలెడ్జి అన్నదానికి మనం ఆ మాట అంటగట్టాం, ఇప్పుడు వివేకం అని ఇంకో మాట వెతుక్కుంటున్నాం. "చదవేస్తే ఉన్న మతి పోయింది" అన్న ముసలమ్మకు ఈ తేడా బాగా తెలుసు.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి (వీసీ) కట్టమంచి రామలింగారెడ్డి 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కుర్చీ వదిలేసి వెళ్లాడు. విశ్వవిద్యాలయం అంటే లోకంతో పని లేనిది అనుకుంటే ఆ పని చేసేవాడు కాదు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న రాధాకృష్ణన్ అధ్యక్షతనే 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ పనిచేసింది. అందులో ఆర్థర్ మోర్గాన్ అనే అమెరికన్ ఉన్నాడు, టెనెసీ లోయ ప్రాజెక్టుకు మొదటి అధ్యక్షుడు. గ్రామీణ విశ్వవిద్యాలయాలు పెట్టాలని ఆ కమిషన్ ఒక అధ్యాయమే రాసింది. 1956 ప్రాంతంలో కొన్ని గ్రామీణ సంస్థలు వచ్చాయి కూడా. తమిళనాడు గాంధీగ్రామ్ లాంటివి మిగిలాయి, పెద్ద విశ్వవిద్యాలయాలు ఆ వైపు తొంగి చూడలేదు. పల్లెటూరి చదువు పల్లెటూరి వాళ్లకే అన్నట్టు పక్కన పెట్టేశారు. నా ఉద్దేశంలో తప్పు అక్కడ జరిగింది. వేరే బడి కట్టారు గానీ, ఉన్న బడిని మార్చలేదు.

ల్యాబ్‌కోటు గారి భయం నాకూ ఉంది. ఎమర్జెన్సీ రోజుల్లో ఉద్యోగం చేసినవాడిని.


ఉద్దానం_జీడి · సోమవారం, ఉదయం 8:50

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. మా నాన్న డయాలసిస్ మీద మూడేళ్లున్నారు, పోయారు. ఇక్కడ కిడ్నీ జబ్బు గురించి మీ అందరికీ తెలుసు. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, వంశంలోనే ఉందా, నొప్పి మాత్రలా, అన్నీ కలిసా?

ఎన్ని టీములు వచ్చాయో లెక్క లేదు బాబూ. సొంతూరి డాక్టర్ల దగ్గర్నుంచి విదేశాల వరకూ. రక్తం తీస్తారు, మూత్రం తీస్తారు, ఏటి తింటున్నారు, ఏ నుయ్యి నీళ్లు తాగుతున్నారు అని వంద ప్రశ్నలేస్తారు. ఎల్లిపోతారు. ఒక టీము మా ఇంట్లో నలుగురి దగ్గర రక్తం పట్టుకెళ్లింది. రిజల్టు ఇస్తామన్నారు. నాన్న క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష లెక్క) ఎంతో మాకు తెలిసింది ఆరు నెలల తర్వాత విశాఖలో, అప్పటికే మించిపోయింది. ఆ కాయితం అప్పుడే మా చేతికి వచ్చుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు.

మా అమ్మకు మీ జ్ఞానం, వివేకం గొడవ తెలీదు. ఒకటే అంటాది, "రక్తం మాదీ, కాయితం ఆళ్లదీ" అని.


ఆరో_ఏడు · సోమవారం, ఉదయం 10:15

ఉద్దానం అన్నయ్యా, మీ టపా చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను పీహెచ్‌డీ ఆరో ఏడులో ఉన్నాను (పేరులోనే ఉంది కదా). లోపలి లెక్క చెప్తాను. 2010లో యూజీసీ అధ్యాపకులకు ఏపీఐ అనే మార్కులు తెచ్చింది, పేపరుకు ఇన్ని, సెమినారుకు ఇన్ని అని. 2016 నుంచి విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు. పద్ధతులు మారుతున్నాయి గానీ లెక్కించే వస్తువు మారలేదు. నేను ఊళ్లో ఆరు నెలలు తిరిగితే ఒక పేపరు రావచ్చు, రాకపోవచ్చు. బీకరు ముందు కూర్చుంటే రెండు ఖాయం. మా గైడు మంచి మనిషే. "ముందు డిగ్రీ తెచ్చుకో తల్లీ, దేశాన్ని తర్వాత ఉద్ధరిద్దువు గాని" అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుంది? ఆయనకు ఇంకా రాలేదు.

పల్లెల దత్తత ఉంది కదా అంటారేమో. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చాక చాలా సంస్థలు ఊళ్లు దత్తత తీసుకుంటున్నాయి. మేమూ వెళ్లాం. బ్యానరు పట్టుకుని ఫోటో, మొక్కలు నాటడం, స్వచ్ఛత మీద ఉపన్యాసం. వాళ్లకు ఉపన్యాసమిచ్చింది నేనే, సిగ్గుగా ఉంది. ఒక పెద్దాయన లేచి "అమ్మాయ్, మా ఊరి ఆర్వో ప్లాంటు వదిలే నీళ్లు మళ్లీ చెరువులోకే పోతున్నాయి, దాని సంగతేమన్నా తెలుసా" అన్నారు. అది నా సబ్జెక్టే! తీసిన ఉప్పులూ ఫ్లోరైడూ అన్నీ ఆ వదిలేసిన నీళ్లలోనే ఉంటాయి. కార్యక్రమం షెడ్యూలులో ప్రశ్నలకు టైం లేదని మైకు తీసేసుకున్నారు.


కాన్సాస్_చలి · సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర రాక చదువుతున్నా. నేనుండేది కాన్సాస్‌లో మన్‌హట్టన్ అనే ఊరు (న్యూయార్క్ మన్‌హట్టన్ కాదు, ఇది గడ్డి కొండల మధ్య ఉంటుంది). రాజేంద్రనగర్‌లో 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు సాయానికి వచ్చింది ఇక్కడి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీవాళ్లే. 1862లో లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టంతో వచ్చిన ల్యాండ్ గ్రాంట్ (ప్రభుత్వ భూములిచ్చి పెట్టించిన) కాలేజీల్లో ఇదొకటి. 1887 చట్టంతో ప్రయోగ కేంద్రాలు, 1914 చట్టంతో ఊరూరా విస్తరణ ఉద్యోగులు వచ్చారు. అంటే "జ్ఞానాన్ని రైతు దగ్గరికి చేర్చాలి" అన్న పనికి ఇక్కడ నూరేళ్ల పైబడిన యంత్రాంగం ఉంది.

అయినా పడమటి కాన్సాస్ కింద ఉన్న ఒగల్లాల భూగర్భ జలం ఏటా పడిపోతూనే ఉంది. ప్రతి జనవరిలో బావులు కొలుస్తారు, మ్యాపులు వేస్తారు, ఇంకెన్నేళ్లు వస్తుందో రంగుల్లో చూపిస్తారు. అందరికీ అన్నీ తెలుసు. తెలిసే తోడుతున్నారు. పక్కవాడు తోడుతుంటే నేనెందుకు ఆపాలి?

షెరిడన్ కౌంటీ వైపు కొందరు రైతులు మాత్రం 2012లో వచ్చిన రాష్ట్ర చట్టం వాడుకుని, తమలో తాము మీటింగులు పెట్టుకుని, 2013 నుంచి ఐదేళ్లకు ఇంత అని పరిమితి వేసుకున్నారు. దాదాపు 20 శాతం తక్కువ తోడదామని. ఆదాయం పెద్దగా పడలేదని ఇక్కడి ఆర్థికవేత్తలు లెక్కతీసి చెప్పాక ఇంకొన్ని చోట్ల మొదలైంది. నాకు నచ్చింది ఆ వరస. రైతులు ముందు నిర్ణయించారు, యూనివర్సిటీ వెనకాల వచ్చి ఆ నిర్ణయాన్ని పరీక్షించింది.


బోరుమీటరు · సోమవారం, సాయంత్రం 5:20

కాన్సాస్ అన్నా, అదే పని మేము మీకంటే ముందే చేశాం, కాకపోతే మా గురించి సరిగ్గా చెప్పుకోవడం రాదు.

2003లో మొదలైన ఏపీ రైతుల భూగర్భ జల ప్రాజెక్టులో నేను వాలంటీరుగా పనిచేశా, నంద్యాల వైపు. రాయలసీమ నాలుగు జిల్లాలు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్. ఆరువందలకు పైగా ఊళ్లు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయం ఉండేది. ఊళ్లో కొన్ని బోర్లు ఎంచుకుని, రైతులే టేపు దించి నీటిమట్టం కొలిచి గోడ మీద రాసేవాళ్లు. వానమాపకం కూడా వాళ్లదే. రబీకి ముందు అందరం కూర్చుని లెక్క వేసేవాళ్లం: ఈ వానకు భూమిలోకి దిగింది ఇంత, మీరంతా వేద్దామనుకుంటున్న పంటలకు కావలసింది ఇంత. తేడా బోర్డు మీద కనపడేది. వరి మానమని ఎవరూ చెప్పలేదు. సబ్సిడీ లేదు, జరిమానా లేదు. చదువు రాని ఒక అక్క లేచి "ఈ లెక్కన మార్చికి నా బోరు, నీ బోరు రెండూ ఎండుతాయి గదా మామా" అంటే ఆ మామ ఎకరం వరి తగ్గించి వాము వేశాడు. అందరూ అలా చేశారని చెప్పను. చేసినవాళ్లు ఉన్నారు.

ప్రాజెక్టు అయిపోయాక మా ఊళ్లో కొలవడం రెండేళ్లకు ఆగిపోయింది. టేపు ఇంకా మా అటక మీదే ఉంది. ఇక్కడే యూనివర్సిటీ ఉండాల్సింది అంటాను నేను. ప్రాజెక్టుకు ఆఖరి తేదీ ఉంటుంది. యూనివర్సిటీ ఎక్కడికీ పోదు గదా!


ల్యాబ్‌కోటు · సోమవారం, రాత్రి 9:05

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. రక్తం తీసి రిజల్టు ఇవ్వకపోవడం జ్ఞానం, వివేకం చర్చే కాదు. అది పరిశోధన నీతి తప్పడం. దానికి ఏ తత్వమూ అక్కర్లేదు, ఉన్న నియమాలు పాటిస్తే చాలు.

కానీ ఉద్దానమే నా వైపు కూడా సాక్ష్యం చెబుతుంది. అక్కడ కారణం తేలలేదు. తేలకుండానే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి 700 కోట్ల మంచినీటి పథకం తెచ్చారు. రేపు కారణం నీళ్లు కాదని, ఎండదెబ్బ అని తేలితే? అప్పుడు ఈ ఊళ్లకు కావలసింది పైపులు కాదు, మధ్యాహ్నం పని ఆపే నియమం.


ఉద్దానం_జీడి · సోమవారం, రాత్రి 9:40

సార్, మంచి నీళ్లు రావడానికి మా కిడ్నీలు పోయాయని రుజువు కావాలా? కారణం నీళ్లు కాకపోతే ఆ పైపులు పీకేస్తారా?


ల్యాబ్‌కోటు · సోమవారం, రాత్రి 9:52

...సరే. ఆ పాయింటు మీది.


పాతసైకిల్ · మంగళవారం, ఉదయం 6:20

మీ ఇద్దరి మాటల్లో ఒకటి చెప్పాలి. పూర్తిగా తెలియనప్పుడు ఏం చేయాలి అన్నది కూడా చదవాల్సిన సబ్జెక్టే. దానికి మన దగ్గర శాఖ లేదు, పరీక్ష లేదు, గైడు లేడు. ఉన్నదల్లా కలెక్టరుగారి మీటింగు.

గుండ్లకమ్మ బాబూ, ఏం మార్చాలని అడిగావు. పెద్ద పెద్దవి నేను చెప్పను, కమిటీల్లో నలభై ఏళ్లు టీ తాగినవాడిని. ఒక చిన్నది చెబుతాను. ఏ ఊరి నీటి మీద, నేల మీద, ఒంటి మీద పరిశోధన చేస్తే, ఆ ఊళ్లో గ్రామసభ ముందు తెలుగులో చెప్పి, వాళ్ల ప్రశ్నలకు జవాబిచ్చాకే వైవా (డిగ్రీకి ముందు నోటి పరీక్ష) పెట్టాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అక్కడ వెనక బెంచీలో కూర్చోవాలి. థీసిసుల్లో సగం అక్కడే కూలిపోతాయి. ఒకరిద్దరు ఎగ్జామినర్లు కూడా!


ఆరో_ఏడు · మంగళవారం, ఉదయం 9:10

మేష్టారూ 🙏 నాది మొదట కూలుతుంది. అయినా పెట్టించండి.


అడ్మిన్ · మంగళవారం, ఉదయం 11:00

ఎన్నికల పార్టీల పేర్లతో వచ్చిన రెండు టపాలు తీసేశాను. చర్చ బాగుంది, ఇలాగే నడవనివ్వండి.


గుండ్లకమ్మ · మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:15

పాత దారాన్ని పైకి లాగుతున్నందుకు క్షమించండి.

డిపార్ట్‌మెంటులో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడు రెండు రోజులకు అడిగి తీసుకుని ఊరెళ్లాను. ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు నాతో వచ్చారు, వాళ్ల ప్రాజెక్టు కింద. ఊళ్లో పదకొండు బోర్లూ కొలిచాం. మా అమ్మ తాగే బోరు 2.7. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లెక్క ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. మా వీధి అంతా 2 పైనే. బడి బోరు 1.8.

1 లోపు వచ్చినవి రెండే. రెండూ ఎస్సీ కాలనీలోవి.

పంచాయతీ గోడ మీద పట్టిక రాసి అతికించాను. మర్నాడు సాయంత్రం మీటింగు పెడదామన్నారు సర్పంచ్ గారు. నలభై మంది వచ్చారు. నేను పావుగంట చెప్పాను. ప్రశ్నలుంటే అడగండి అన్నాను. ఎవరూ నోరెత్తలేదు. ఒకాయన "మళ్లీ ఓసారి కొలువు నాయనా, మిషను సరిగ్గా లేదేమో" అన్నాడు. ఇంకొకాయన క్యాను నీళ్లే మేలు అన్నాడు. మా అమ్మ ఇంటికొచ్చాక అన్నం పెడుతూ, "రేపటి నుంచి నేనయితే అక్కడికే బిందె తీసుకుని వెళ్తా, వాళ్లు పట్టుకోనిస్తే" అంది.


ల్యాబ్‌కోటు · శనివారం, రాత్రి 8:40

టిసాబ్ (లోహాలు పట్టుకున్న ఫ్లోరైడును విడిపించే ద్రావణం) కలిపి కొలిచారా? అల్యూమినియం, ఇనుము ఉంటే రీడింగు తగ్గి చూపిస్తుంది. అప్పుడు ఆ కాలనీ బోర్ల లెక్క కూడా నమ్మలేం.


గుండ్లకమ్మ · శనివారం, రాత్రి 8:48

కలిపాం సార్. మూడేసి సార్లు. అయినా ఈ వారం శాంపిళ్లు మీకు పంపుతాను, మీ ల్యాబులో ఓసారి చూసి పెట్టండి. మీ రీడింగు పక్కన మీ పేరు కూడా గోడ మీద రాస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.


ల్యాబ్‌కోటు · శనివారం, రాత్రి 9:02

పంపండి. ప్లాస్టిక్ సీసాల్లోనే పంపండి, గాజు వద్దు. పేరు రాసుకోండి.


బోరుమీటరు · శనివారం, రాత్రి 9:15

ఆ రెండు బోర్లకు మట్టం కూడా కొలవండి తమ్ముడూ. ఊరంతా వాటి మీద పడితే వేసవికి ఉంటాయా లేదా చూడాలి. నా టేపు పంపిస్తా.


మునుగోడు_బిడ్డ · శనివారం, రాత్రి 9:31

తమ్మీ, ఒక్కటి అడుగుత. మీటింగుకు నలభై మంది వచ్చిన్రంటివి. అండ్ల కాలనోళ్లు ఎంతమంది?


గుండ్లకమ్మ · శనివారం, రాత్రి 9:50

ఒక్కరూ లేరన్నా. పిలవాలని నాకే తట్టలేదు. 12వ తేదీ మళ్లీ పెడుతున్నాం, ఈసారి కాలనీలో, బోరు దగ్గరే. వాళ్లు ఒప్పుకున్నారు. ముందు వాళ్లు మాట్లాడతామన్నారు, తర్వాత నేను.